కార్డు శ్రీకాకుళంలో, కడుపు భిలాయిలో

రాయపూర్ నుంచి దుర్గ్ వెళ్ళే రైలు మార్గంలో, చరోదాతో కలిసి ఒకే నగరపాలక సంస్థ కిందున్న ఊరు భిలాయి-3. బీఎంవై అని అందరూ పిలుచుకునే పెద్ద మార్షలింగ్ యార్డు ఇక్కడే ఉంది. 1959లో భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైన నాటి నుంచి ఉక్కు పనికి, రైల్వే పనికి, వాటి చుట్టూ పుట్టిన కాంట్రాక్టు కూలికి ఉత్తరాంధ్ర నుంచి జనం వస్తూనే ఉన్నారు. తాతల నాడే వచ్చి స్థిరపడిన ఇళ్ళలో ఛత్తీస్‌గఢ్ రేషన్ కార్డు ఉంటుంది. నిన్న గాక మొన్న వచ్చి గది అద్దెకు తీసుకున్న కుటుంబానికి మాత్రం కార్డు ఇంకా ఊళ్ళోనే, అత్తమామల దగ్గర ఉంటుంది. ఆ కార్డు మీద ఇక్కడి ‘సొసైటీ’లో బియ్యం ఇస్తారా? ఛత్తీస్‌గఢ్ జనం రేషన్ షాపును సొసైటీ అనే అంటారు. ఇస్తారు, ఇచ్చి తీరాలి. అయితే ఇచ్చేది ఎంత, ఎవరికి, ఎవరికి కాదు అన్న చోటే అసలు చిక్కుంది. ఏ దుకాణంలో తీసుకోవాలో తేల్చుకునే స్వేచ్ఛ కార్డుదారుకు దక్కినప్పుడే రేషన్ హక్కవుతుందని నా నమ్మకం. ఆ స్వేచ్ఛ ఇప్పటికి సగమే చేతికొచ్చింది.

ముందు పని ఎలా జరుగుతుందో చూద్దాం. ‘ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు’ విధానం 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్–తెలంగాణ, గుజరాత్–మహారాష్ట్ర జంటల మధ్య మొదలైంది. ఛత్తీస్‌గఢ్ 2022 ఫిబ్రవరిలో చేరింది. అదే ఏడాది జూన్‌లో అస్సాం కూడా రావడంతో దేశమంతా పూర్తయింది. దుకాణానికి కార్డు పట్టుకెళ్ళక్కర్లేదు. కార్డు నంబరో ఆధార్ నంబరో చెబితే డీలరు దాన్ని ఈ-పాస్ యంత్రంలో కొడతాడు, అద్దం మీద వేలు పెట్టమంటాడు. వేలిముద్ర కుదిరితే ఆ కుటుంబానికి ఆ నెల ఎంత రావాలో, ఊళ్ళో ఎంత తీసేసుకున్నారో తెర మీద కనిపిస్తుంది. ఇక్కడ ఇద్దరి వాటా తీసుకుంటే, ఊళ్ళో ఉన్న ముసలివాళ్ళు మిగిలింది అక్కడే తీసుకోవచ్చు. యంత్రం నుంచి వచ్చే చీటీ మీద కిలోలు రాసి ఉంటాయి. ఆ చీటీ అడిగి తీసుకుని, కాటా మీద పడిన తూకంతో సరిచూసుకోవాలి. అలా చూసుకునే వాళ్ళ దగ్గర తూకం తగ్గించడం డీలరుకు కష్టం.

స్వేచ్ఛకు ఇంత విలువ ఎందుకంటున్నానో ఛత్తీస్‌గఢ్ చరిత్రే చెబుతుంది. 2000లో రాష్ట్రం ఏర్పడే నాటికి ఇక్కడి రేషన్ వ్యవస్థకు మంచి పేరు లేదు. జాతీయ నమూనా సర్వే లెక్కలతో ఆర్థికవేత్తలు తేల్చిన ప్రకారం 2004–05లో గోదాము నుంచి బయల్దేరిన ధాన్యంలో దాదాపు సగం ఇళ్ళకు చేరకుండా దారి మళ్ళేది. 2009–10కి అది పదో వంతుకు దిగింది. మధ్యలో జరిగింది మాయ కాదు. 2004లో ప్రైవేటు డీలర్లను తప్పించి దుకాణాలను పంచాయతీలకు, సహకార సంఘాలకు, మహిళా సంఘాలకు అప్పగించారు. పసుపు రంగు లారీల్లో సరుకు దుకాణం గుమ్మం దాకా పంపారు. వడ్ల కొనుగోలు నుంచి పంపిణీ దాకా లెక్కంతా కంప్యూటర్‌కెక్కించారు. ఇవన్నీ పైనుంచి వేసిన కాపలాలు. 2012లో రాయపూర్‌లో వచ్చిన మార్పు వేరే తరహాది. నగరంలో ఏ దుకాణానికైనా వెళ్ళే వీలును కార్డుదారుకిచ్చి, దానికి ‘మేరీ మర్జీ’ అని పేరు పెట్టారు. నా ఇష్టం అని ఆ మాటకు అర్థం. ప్రభుత్వ పథకాల్లో ఇంతకంటే సూటి పేరు నాకు తెలియదు. దుకాణం నడిపేవాళ్ళకు కమీషను అమ్మిన క్వింటాళ్ళ మీద వస్తుంది. వేళకు తెరవని, తూకంలో మోసం చేసే దుకాణం నుంచి జనం పక్క వీధికి వెళ్ళిపోతే ఆ కమీషను కూడా వాళ్ళ వెంటే వెళ్ళిపోతుంది. ఇన్‌స్పెక్టరు ఎప్పుడో ఓసారి వస్తాడేమో గానీ కార్డుదారు ప్రతి నెలా వస్తుంది. వస్తుంది అనడానికి కారణం ఉంది: 2013 జాతీయ ఆహార భద్రత చట్టం ప్రకారం ఇంటి పెద్ద ఆడమనిషే కార్డుకు యజమాని.

సగమే చేతికొచ్చిందని ఎందుకన్నానంటే, సరిహద్దు దాటి నడిచేది జాతీయ చట్టం ఇచ్చిన వాటా ఒక్కటే, అంటే ప్రాధాన్య కార్డుకు మనిషికి నెలకు ఐదు కిలోలు. అలాంటి శ్రీకాకుళం కార్డున్న నలుగురి కుటుంబానికి భిలాయి-3లో ఇరవై కిలోలు వస్తాయి. అదే వీధిలో, అదే కూలి చేసే నలుగురి కుటుంబానికి ఛత్తీస్‌గఢ్ ప్రాధాన్య కార్డుంటే ముప్పై ఐదు కిలోలు వస్తాయి, ఎందుకంటే ముగ్గురి నుంచి ఐదుగురి దాకా ఉన్న కుటుంబానికి ఈ రాష్ట్రం ఇచ్చే వాటా అది. 2012 డిసెంబరులోనే, కేంద్రం కంటే ముందే, సొంత ఆహార భద్రత చట్టం చేసుకున్న రాష్ట్రమిది. మరీ అన్యాయం ఇంకొకటుంది. ఆంధ్రప్రదేశ్‌లో బియ్యం కార్డులన్నీ జాతీయ చట్టం కిందివి కావు. లక్షల కార్డులు రాష్ట్రం తన ఖర్చుతో నడుపుతున్నవి. అలాంటి కార్డున్న మనిషి ఇక్కడ యంత్రం మీద వేలు పెడితే గింజ కూడా రాదు. ఆ తేడా కార్డు చేతిలో ఉన్నవాళ్ళకు ఎవరూ చెప్పరు.

దీనికి మందు ఇక్కడి కార్డు తీసుకోవడమే కదా అనొచ్చు. స్థిరపడిన వాళ్ళకు అది సరే. ఆరు నెలలు ఇక్కడ, ఆరు నెలలు నాట్ల కాలంలో ఊళ్ళో గడిపే మనిషి నివాసం రుజువు ఎక్కడ చూపించాలి? ఒక పేరు రెండు కార్డుల్లో ఉండకూడదు కాబట్టి ఊరి కార్డులో తీయించుకుంటే తిరిగి ఎక్కించడానికి మళ్ళీ దరఖాస్తులు. రెండు రాష్ట్రాలూ తమ తమ వాటాల లెక్క నెలాఖరుకు సరిచేసుకోవడం ఆ కుటుంబం పడే తిప్పలకంటే తేలిక. లెక్క ఇప్పటికే కంప్యూటర్‌లో ఉంది.

దుకాణంలో సరుకే లేకపోతే స్వేచ్ఛ ఏం చేసుకోవాలి అన్నది బలమైన అభ్యంతరం. బయటి కార్డులు ఎక్కువ వచ్చిన నెల సొంత వీధివాళ్ళకు తక్కువ పడుతుందని డీలరు భయపడటంలో తప్పు లేదు. కానీ గత నెల ఏ దుకాణంలో ఎంత అమ్ముడైందో కంప్యూటర్‌కు తెలుసు. దాని మీద కొంత కలిపి ముందే పంపితే ఆ భయం పోతుంది. జాతీయ చట్టం 8వ సెక్షన్ ప్రకారం ధాన్యం ఇవ్వలేకపోతే ప్రభుత్వం ఆహార భద్రత భత్యం చెల్లించాలి. ఆ సెక్షన్ ఉందని దుకాణం గోడ మీద రాసి ఉండాలి.

ఇంత తంటా ఎందుకు, డబ్బే వేసేస్తే నచ్చిన కిరాణాలో కొనుక్కుంటారు గదా అని చదువుకున్నవాళ్ళు తరచూ అంటారు. అమెరికాలో అలాంటిదే నడుస్తోంది. 1939లో రంగు కూపన్లతో మొదలై, 1964 చట్టంతో స్థిరపడి, ఇప్పుడు బ్యాంకు కార్డులాంటి కార్డుగా మారిన ఆహార సాయం అక్కడ సూపర్‌మార్కెట్‌లోనూ, వీధి కొట్లోనూ చెల్లుతుంది. సబ్బుకు, వేడి వేడి వంటకాలకు మాత్రం చెల్లదు. దుకాణదారు కొనేవాళ్ళ కోసం పోటీ పడటమే అక్కడి మేలు, నేను కోరేదీ అదే. కానీ ఇక్కడ 2015 సెప్టెంబరులో చండీగఢ్, పుదుచ్చేరిల్లో ధాన్యం బదులు డబ్బు మొదలుపెట్టినప్పుడు తొలి నెలల్లో డబ్బు అందలేదన్న కుటుంబాలు చాలానే ఉన్నాయి. పైగా ఛత్తీస్‌గఢ్‌లో సొసైటీ బియ్యం వెనక ఇక్కడి రైతు దగ్గర మద్దతు ధరకు కొన్న వడ్లున్నాయి. బియ్యం ధర పెరిగినప్పుడు డబ్బు కరిగిపోతుంది, ఐదు కిలోలు ఐదు కిలోలుగానే ఉంటాయి.

వేలిముద్ర సంగతి మరువరాదు. ఇనుము మోసి, బ్యాలస్టు రాళ్ళు ఎత్తి అరిగిన వేళ్ళను యంత్రం గుర్తుపట్టదు. ముసలివాళ్ళ వేళ్ళనూ అంతే. ఆధార్ కుదరలేదన్న సాకుతో ఎవరికీ రేషన్ ఆపొద్దని 2017 అక్టోబరులో కేంద్రమే రాష్ట్రాలకు రాసింది. అందుకని యంత్రం కాదన్నా డీలరు కాదనకూడదు. ఓటీపీతోనో, కంటిపాపతోనో, ఇంట్లో ఇంకొకరి వేలితోనో ప్రయత్నించమని గట్టిగా అడగాలి. బయటి రాష్ట్రం కార్డని వెనక్కి పంపితే 14445 నంబరుకు ఫోను చేసి దుకాణం నంబరు చెప్పాలి. దుకాణం నంబరు దాని బోర్డు మీద ఉంటుంది, వెళ్ళిన మొదటి రోజే చూసి రాసుకోవడం మంచిది.