ఎన్నికల ఫలితాలు – షేర్ల ధరలు

లోక్‌సభ ఎన్నికల ఓట్లు లెక్కించే రోజున మన రాజపాళయంలో టీవీ ముందు కూర్చునేవారిలో రెండు రకాలవారు ఉంటారు. ఎవరు గెలుస్తారోనని చూసేవారు కొందరు, తెర అడుగున పరుగెత్తే సెన్సెక్స్ అంకెను చూసేవారు మరికొందరు. పి.ఎ.సి. రామసామి రాజా గారు 1936లో స్థాపించిన రాజపాళయం మిల్స్, ఆ తరువాత వచ్చిన మద్రాస్ సిమెంట్స్ (2013 నుండి రామ్‌కో సిమెంట్స్) వంటి సంస్థల షేర్లను తాతల కాలం నుండి దాచుకొన్న కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో సొమ్ము కట్టేవారు కూడా పెరిగారు. కూతురి పెళ్లికో, కొడుకు చదువుకో కూడబెట్టిన డబ్బు ఆ ఒక్కరోజున ఏమవుతుందోనన్న భయం సహజమే.

2024 జూన్ మొదటి వారమే చూడండి. 1వ తేదీ సాయంత్రం ఎగ్జిట్ పోల్స్ భాజపా కూటమికి భారీ ఆధిక్యం ఖాయమన్నాయి. 3న మార్కెట్ తెరవగానే కొనుగోళ్లు వెల్లువెత్తి, సెన్సెక్స్ 2,500 పాయింట్లకు పైగా పెరిగి 76,468 వద్ద ముగిసింది. 4న లెక్కింపులో భాజపాకు 240 స్థానాలే వచ్చాయి. మెజారిటీకి 272 కావాలి. సూచీ ఒక్కరోజులో 4,389 పాయింట్లు కూలింది. మిత్రపక్షాల మద్దతు నిలుస్తుందని తేలాక, 7న అది 76,693కు చేరింది. 3న ఆశపడి కొని, 4న భయపడి అమ్మినవారికి నష్టం మిగిలింది. ఏమీ చేయనివారికి దాదాపు ఏమీ కాలేదు.

గెలిచిన కూటమి మారలేదే, మరి ధర ఎందుకు పడింది? షేరు ధర అంటే, కంపెనీ రాబోయే ఏళ్లలో ఆర్జించే లాభం గురించి ఈనాడు కట్టిన అంచనా. అందరూ ఊహించిన గెలుపు ముందుగానే ధరలో చేరిపోతుంది. పంట బాగా పండుతుందని తెలిస్తే, పత్తి మూటలు సంతకు రాకముందే ధర దిగదా? ఊహ తప్పినప్పుడే కుదుపు. గెలుపోటముల కంటే ఆశ్చర్యమే మార్కెట్‌ను ఎక్కువగా కదిలిస్తుంది.

2004లో వాజపేయి ప్రభుత్వం తిరిగి వస్తుందని మార్కెట్ నమ్మింది. రాలేదు. వామపక్షాల మద్దతుతో కొత్త ప్రభుత్వం ఏర్పడనున్నదని తెలియగానే, మే 17న సెన్సెక్స్ 11 శాతం పడి 4,505కు దిగింది. ఆ ప్రభుత్వ కాలంలోనే 2007 చివరికి సూచీ 20,000 దాటింది! 2009లో దీనికి విరుద్ధంగా జరిగింది. కాంగ్రెస్ కూటమి ఊహించినదానికంటే బలంగా గెలిచినందున మే 18న సూచీ 17 శాతం ఎగసి 14,284కు చేరింది. లావాదేవీలు నిమిషమైనా సాగకుండానే ఆ రోజుకు మార్కెట్ ఆపవలసి వచ్చింది. రెండున్నరేళ్ల తరువాత, 2011 చివరిలో, సూచీ 15,455 మాత్రమే. ఫలితాల నాటి కేరింతను నమ్మి అప్పుచేసి కొన్నవారి సంగతి పాఠకులే ఊహించగలరు.

ఒక్కొక్క షేరు విషయంలో ఈ పిచ్చి ఇంకా ఎక్కువ. చంద్రబాబునాయుడు గారు 1992లో స్థాపించిన హెరిటేజ్ ఫుడ్స్ షేరు, 2024లో తెలుగుదేశం గెలిచిన వారంలో సగానికి పైగా పెరిగింది. ఆ వారంలో పాలు, పెరుగు అమ్మకాలు సగం పెరగలేదు కదా!

మన మిల్లుల లాభనష్టాలు వేరే లెక్క మీద నడుస్తాయి. 2021 బడ్జెట్‌లో విదేశీ పత్తి మీద సుంకం వేశారు, అది మొత్తం 11 శాతమైంది. 2022లోనూ, 2025లోనూ కొన్ని నెలలపాటు దానిని ఎత్తివేశారు. పత్తి ధర, నూలు ధర, కరెంటు చార్జీ, వీటి మీదనే స్పిన్నింగ్ మిల్లు బతుకుతుంది. ఇళ్లు, రోడ్లు కడితేనే సిమెంటు అమ్ముడవుతుంది. ప్రభుత్వం మారితే ఇవి మారవచ్చు, కానీ నెలల మీద, ఏళ్ల మీద. ఓట్ల లెక్కింపు మధ్యాహ్నానికి కాదు.

ఇంకొక మాట. పాత షేర్లు ఇప్పటికీ కాగితం రూపంలో ఉన్న ఇళ్లవారు గమనించాలి. 2019 ఏప్రిల్ నుండి వాటిని అలాగే అమ్మి ఇతరుల పేరుకు బదిలీ చేయడం కుదరదు. పెద్దవారు మరణించి ఉంటే, వారసులు మరణ ధ్రువపత్రంతో కంపెనీ రిజిస్ట్రారుకు దరఖాస్తు పెట్టి, డీమాట్ ఖాతాలో వేసుకొన్న తరువాతనే అమ్మగలరు. దీనికి కొన్ని వారాలైనా పడుతుంది.