కమాను కుదిరితేనే... జీపు కులాసా!

ఆదివారం పొద్దున్నే టాపు మడిచి వెనక పడేసి, పాత జీపులో భువనగిరి నుంచి యాదగిరిగుట్టకు బయల్దేరితే ఆ మజాయే వేరు. వెనక్కి తిరిగి చూస్తే ఒకే బండరాయి మీద నిలబడ్డ కోట, ముందు నుంచి చల్లగాలి. నున్నటి రోడ్డు మీద ఉన్నంతసేపూ అంతా బాగానే ఉంటుంది. ఊళ్లోకి మళ్లగానే మొదటి స్పీడు బ్రేకరు తగులుతుంది. అంతే! వెనక సీట్లో ఉన్నవాళ్లు ఒక్కసారి గాల్లోకి లేచి, నడుము పట్టుకుని కూర్చుంటారు.

ఇక సలహాలు మొదలు. 'షాకబ్జర్లు మార్చెయ్' అంటాడొకడు. 'రెండంగుళాలు లేపించు' అంటాడు ఇంకొకడు. 'కాయిల్ స్ప్రింగులు వేయిస్తే కారులా పోతుంది' అని మూడోవాడి మాట. వేలకు వేలు పోశాక కూడా కుదుపు తగ్గకపోగా, బండి మలుపుల్లో ఒరిగిపోతోందంటే తప్పెక్కడ? చాలాసార్లు కమాన్లలో కాదు... ఎంపికలో!

మన కన్వర్టిబుల్ ఇదే

టాపు తీసి తిరిగే కార్లంటే సినిమాల్లో చూడటమే కానీ, మన పల్లెలకు తెలిసిన ఓపెన్ టాప్ బండి జీపే. ఎన్నికల ఊరేగింపులకూ అదే, పెళ్లి బరాత్‌కూ అదే. రెండో ప్రపంచయుద్ధం కోసం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి 6 లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. యుద్ధం ముగిశాక, 1940ల చివర్లో మహీంద్రా సంస్థ విల్లీస్ జీపుల్ని మనదేశానికి తెచ్చింది. విల్లీస్ 'సీజే3బీ' మోడల్ 1953లో పుట్టి, 1968లో అమెరికాలో ఆగిపోయినా మనదగ్గర దాని వారసులు దశాబ్దాల పాటు తయారయ్యాయి. 1985లో మారుతి జిప్సీ వచ్చింది. దానికీ గుడ్డ టాపు, నాలుగు మూలలా కమాన్ కట్టలు.

మామూలు కారు పైకప్పు కోసేస్తే దాని ఒళ్లే బలహీనపడుతుంది. జీపుకి ఆ బాధ లేదు. నిచ్చెనలా ఉండే ఛాసిస్సే బరువంతా మోస్తుంది కాబట్టి టాపు ఉన్నా లేకున్నా ఒకటే. కానీ బండి బోల్తా పడితే తల మీద కాపలా ఉండదన్నది మరువకూడదు. కమాన్ల ఎంపికలో అసలు కీలకం ఇదే.

ఎందుకంత కుదుపు?

ఎడ్లబండికి కమాన్లు లేవు. జట్కాకు ఉండేవి. జీపు కమాను కూడా ఆ జట్కా కమానుకు అన్నయ్యే! ఒకదాని కింద ఒకటి పొడవు తగ్గుతూ పేర్చిన ఉక్కు పట్టీల కట్ట. ఇది రెండు పనులు చేస్తుంది. బరువు మోస్తుంది, ఇరుసును పక్కకు జరగకుండా పట్టుకుంటుంది.

యుద్ధానికో, పొలానికో పుట్టిన బండి కాబట్టి నిండు బరువుకు తట్టుకునేలా కమాన్లు బిగువుగా చేశారు. ఇద్దరే కూర్చుంటే అది అసలు వంగనే వంగదు. గుంత తగిలితే ఆ దెబ్బంతా నేరుగా మనకే.

ఓ చిన్న లెక్క చూద్దాం. వెనక ఒక్కో కమాను మీద ఖాళీగా 140 కిలోలు, మనుషులెక్కాక 240 కిలోలు పడుతున్నాయనుకోండి. సెంటీమీటరు వంగడానికి 24 కిలోలు కావాల్సిన కమాను వేస్తే నిండు బరువుకు 10 సెంటీమీటర్లు వంగుతుంది. అప్పుడు బండి సెకనుకు ఒకటిన్నర సార్లకు కాస్త ఎక్కువగా ఊగుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు రెండుసార్లు. అదే 40 కిలోల కమాను వేస్తే ఖాళీ బండి దాదాపు 2.7 సార్లు అదురుతుంది. మన ఒంటికి సుఖంగా అనిపించేది ఒకటి నుంచి ఒకటిన్నర సార్లు. ఆపైన ఎంత పెరిగితే నడుముకు అంత పరీక్ష!

ముందు ఉన్నదాన్ని బాగుచేయండి

కొత్త కమాన్లు కొనేముందు ఉన్న వాటి దగ్గర కూర్చోవాలి. ఏళ్ల తరబడి మట్టి, నీళ్లు చేరి పట్టీల మధ్య తుప్పు పట్టేస్తుంది. అప్పుడు పట్టీలు ఒకదాని మీద ఒకటి జారవు. కట్టంతా ఒకే దిమ్మలా మారిపోతుంది. కట్ట విప్పి, తుప్పు గీకి, పట్టీల మధ్య గ్రాఫైట్ గ్రీజు పూసి మళ్లీ బిగిస్తే చాలా బండ్లలో తేడా వెంటనే తెలుస్తుంది. పగుళ్లు ఉన్న పట్టీని మాత్రం మార్చాల్సిందే.

తర్వాత బుష్షులు, షాకిళ్లు. అరిగిన బుష్షు 'లొడలొడ' అంటుంది, బిగుసుకుపోయిన షాకిల్ కమానును సాగనివ్వదు. రబ్బరు బుష్షుల బోల్టులు బండి జాకీ మీద ఉండగా కాదు, చక్రాలు నేల మీద ఆనాకే చివరి బిగువు ఇవ్వాలి. లేకపోతే రబ్బరు మెలిపడి త్వరగా చినిగిపోతుంది. పాత యూ బోల్టులు మళ్లీ వాడొద్దు. కొత్తవి వేశాక, బండి కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి బిగించాలి.

షాకబ్జరు పరీక్ష మరీ తేలిక. బండి ఒక మూలను గట్టిగా కిందికి నొక్కి వదలండి. ఒకసారి లేచి కుదురుకుంటే మంచిదే. రెండు మూడుసార్లు ఊగుతోందంటే దాని పని అయిపోయినట్టే. మరో సంగతి... షాకబ్జరు బరువు మోయదు, ఊపును ఆపుతుంది. అందుకే బిగువు కమాన్లకు ఖరీదైన షాకబ్జర్లు బిగించినా కమాన్లు మెత్తబడవు.

అన్నిటికన్నా ముందు చక్రాల్లో గాలి చూసుకోండి. కంపెనీ చెప్పినదానికన్నా ఎక్కువ కొట్టిస్తే కుదుపు ఎక్కువే. ఇది పైసా ఖర్చు లేని మరమ్మతు.

ధర్మకాంట చెప్పిన మాట

అప్పటికీ కమాన్లు మార్చక తప్పదంటే... మెకానిక్ షెడ్డు కన్నా ముందు ధర్మకాంటకు వెళ్లండి. ముందు చక్రాలు ఒకసారి, వెనక చక్రాలు ఒకసారి తూయించండి. ఖాళీగా ఒక తూకం, మామూలుగా ఎక్కే మనుషులతో మరో తూకం. ఈ నాలుగు అంకెలూ చేతిలో ఉంటే కమాన్లు చేసేవాళ్లతో మాట్లాడటం సులువు. చాలా పెట్రోలు జీపుల్లో తర్వాత డీజిల్ ఇంజిన్లు బిగించారు. ముందు భాగం బరువు పెరిగిన అలాంటి బండికి పాత పెట్రోలు జీపు కమాను నప్పదు.

'ఒక మిల్లీమీటరే కదా మందం' అనుకోవద్దు. పట్టీ బిగువు దాని మందాన్ని మూడుసార్లు హెచ్చవేసిన లెక్కన పెరుగుతుంది. 6 మిల్లీమీటర్ల పట్టీ స్థానంలో 7 మిల్లీమీటర్లది వేస్తే బిగువు దాదాపు 59 శాతం ఎక్కువ! మెత్తదనం కోసం ఒక పట్టీ తీసేయడం ఇంకో అలవాటు. అప్పుడు మిగతా వాటి మీద భారం పెరుగుతుంది. మెయిన్ పట్టీకి అండగా ఉండే రెండో పట్టీని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తీయకూడదు. మెయిన్ పట్టీ విరిగితే ఇరుసే పక్కకు జరుగుతుంది.

కుంగిపోయిన పట్టీని గ్యాస్ మంటతో కాల్చి వంచడం మరీ ప్రమాదం. ఆ ఉక్కుకు బలమంతా కొలత ప్రకారం కాల్చి, నూనెలో ముంచి, మళ్లీ తక్కువ వేడి మీద పదును పెట్టడంలో ఉంటుంది. మంట పెడితే ఆ పదును పోతుంది. కొద్ది నెలల్లోనే మళ్లీ కుంగుతుంది, లేదంటే విరుగుతుంది.

పారాబోలిక్ కమాన్లు ఇంకో దారి. మధ్యలో మందంగా, చివరలకు పలచబడే పట్టీలు రెండో మూడో ఉంటాయి. అవి ఒకదానికొకటి మధ్యలో, చివర్లలోనే తగులుతాయి కాబట్టి రాపిడి తక్కువ, నడక మెత్తన. అయితే ఊపును తగ్గించే ఆ రాపిడి కూడా పోతుంది కాబట్టి మంచి షాకబ్జర్లు తప్పనిసరి.

ఎత్తు పెంచితే...

జీపు ఎత్తు పెంచితే ఠీవిగా కనిపిస్తుంది. నిజమే. కానీ పాత విల్లీస్ చక్రాల మధ్య వెడల్పు 49 అంగుళాలే. బరువు కేంద్రం నేల నుంచి 26 అంగుళాల్లో ఉందనుకుందాం. దాన్ని 28కి పెంచితే మలుపులో బోల్తాను తట్టుకునే శక్తి సుమారు 7 శాతం తగ్గిపోతుంది. తల మీద కప్పు లేని బండికి ఇది చిన్న విషయం కాదు. ఎత్తుతో పాటు ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారుతుంది, బ్రేకు గొట్టాలు లాగబడతాయి. అందుకే కావాల్సింది ఎత్తు కాదు, వంగే చోటు.

కాయిల్ స్ప్రింగుల సంగతీ అంతే. కాయిల్ బరువు మోస్తుంది కానీ ఇరుసును పట్టుకోదు. దానికి వేరే రాడ్లు, బ్రాకెట్లు వెల్డింగ్ చేయాలి. 2020లో వచ్చిన మహీంద్రా థార్‌కు వెనక కూడా కాయిల్స్ ఉన్నాయంటే, ఛాసిస్‌ను మొదటి నుంచీ అందుకు తగ్గట్టు తీర్చిదిద్దారు కాబట్టే. మన షెడ్డులో అది సాధ్యం కాదు.

చట్టం కూడా చూడాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం బండి మూల స్వరూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. 50 ఏళ్లు దాటిన వాహనాలకు 'వింటేజ్' రిజిస్ట్రేషన్ ఇచ్చే నిబంధనలు 2021లో వచ్చాయి. ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చేసిన బండ్లకు ఆ అవకాశం ఉండదు. తాత కొన్న జీపును మనవడి దాకా నిలుపుకోవాలంటే దాని ఛాసిస్‌ను కోయకుండా ఉండటమే మేలు.

చివరి పరీక్ష మళ్లీ గుట్ట దారిలోనే. కమాన్లు శుభ్రమై, బరువుకు తగ్గ పట్టీలు పడి, షాకబ్జర్లు కుదిరాక అమ్మను వెనక సీట్లో కూర్చోబెట్టి తీసుకెళ్లండి. దిగేటప్పుడు నడుం పట్టుకోకుండా 'అప్పుడే వచ్చేసినమా బిడ్డా?' అని అడిగిందంటే... ఎంపిక కుదిరినట్టే!