గిటారు గరగరలాడితే...

వీణ గోడవార ఉన్నంతసేపూ ఊరికే ఉంటుంది. ఎలక్ట్రిక్ గిటారు అలా కాదు. తంతి మీద వేలు పడక ముందే అది మాట్లాడటం మొదలుపెడుతుంది. ఒకసారి తుమ్మెదలా జుమ్మంటుంది. ఒకసారి ఆవపోపులా చిటపటలాడుతుంది. ఇంకొకసారి పాత రేడియోలా గరగరమని, మనం కాస్త కదలగానే నోరు మూసుకుంటుంది. ఇప్పుడు మన మధ్యతరగతి ఇళ్ళలోకి కూడా ఈ వాద్యం వచ్చింది కాబట్టి, దానితోపాటు ఈ గోలా వచ్చింది. అబ్బాయి ముందుగదిలో కూర్చుని కొత్త పాట సాధన చేస్తుంటాడు. "పాట సంగతి తరవాత, ముందు ఆ రొద ఆపరా!" అని వంటింట్లోంచి కేక వినిపిస్తుంది.

ఈ గిటార్ల తీగలు, స్విచ్చులు సవరించడం నాకు చాలా ఏళ్ళుగా ఉన్న సరదా. అందుచేత ఇరుగుపొరుగు పిల్లలు "బాబాయిగారూ, గిటారు పాడైపోయింది" అంటూ తెస్తుంటారు. తీరా చూస్తే వాటిలో నిజంగా పాడైన గిటార్లు బహు తక్కువ. కొన్నిటికి వైరు తెగి ఉంటుంది. కొన్నిటికి దుమ్ము పట్టి ఉంటుంది. చాలావాటికి గిటారులో ఏ లోపమూ ఉండదు, గదిలోనే ఉంటుంది. అందుకని నేను వాళ్ళకు చెప్పే మాట ఒక్కటే. గోలకు మందు కొనే ముందు అది ఏ దారిన వస్తోందో కనుక్కోండి. దారి తెలిస్తే మందు చాలాసార్లు ఇంట్లోనే దొరుకుతుంది.

ఈ గోల ఎందుకు?

మామూలు గిటారుకు బోలుగా ఉన్న చెక్కపెట్టె ఉంటుంది. తంతి కదిలితే పెట్టె కదులుతుంది, పెట్టెలో గాలి కదులుతుంది, మనకు వినిపిస్తుంది. ఎలక్ట్రిక్ గిటారుకు ఆ పెట్టె అవసరం లేదు. తంతుల కింద అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నని రాగితీగ వేల చుట్లు ఉంటాయి. దీన్నే పికప్ అంటారు. ఉక్కుతంతి అయస్కాంతం మీద ఊగితే తీగచుట్టలో కొద్దిపాటి విద్యుత్తు పుడుతుంది. ఫారడే 1831లో కనిపెట్టిన సూత్రమే ఇది. పుట్టే విద్యుత్తు సాధారణంగా ఒక వోల్టులో చిన్న భాగం. దాన్ని ఆంప్లిఫయరు ఎన్నో రెట్లు పెంచి స్పీకరుకు ఇస్తుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. తీగచుట్టకు తంతి ఎవరో, ట్యూబులైటు ఎవరో తెలియదు. చుట్టుపక్కల మారుతున్న ఏ అయస్కాంత క్షేత్రమైనా దానికి ఒకటే. గిటారు లోపలి తీగలు కూడా చిన్న ఏరియల్ మాదిరి గదిలోని విద్యుత్ అలజడిని పట్టుకుంటాయి. ఆంప్లిఫయరు పక్షపాతం లేకుండా పాటనూ గోలనూ సమానంగా పెంచుతుంది.

మన ఇళ్ళ కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలది. అందువల్ల మనకు వినిపించే జుంకారం 50, 100, ఇంకా వాటి రెట్ల కంపనాలలో ఉంటుంది. గిటారులో అన్నిటికంటే లావు తంతిని మూడో మెట్టు దగ్గర నొక్కి మీటితే పలికే జి స్వరానికి 98 కంపనాలు. మన ఇళ్ళలోని జుంకారం దానికి పిసరు పైన పలుకుతుంది. అమెరికాలో కరెంటు 60 ఆవర్తనాలది కాబట్టి అక్కడి గిటార్లు వేరే శ్రుతిలో మూలుగుతాయి!

దొంగను పట్టే క్రమం

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు కాకుండా, ఒక క్రమంలో వెతకాలి. నేను చేసే పద్ధతి ఇది.

మొదట గిటారు వైరు పూర్తిగా పీకేసి ఆంప్లిఫయరు ఒక్కదాన్నే వేసి వినండి. సన్నని హోరు ఏ ఆంప్లిఫయరుకైనా ఉంటుంది. కాని పెద్ద జుంకారమో గరగరో అప్పుడూ వస్తుంటే గిటారును నిందించి లాభం లేదు. తప్పు ఆంప్లిఫయరుదో కరెంటు పాయింటుదో అయి ఉంటుంది.

అక్కడ నిశ్శబ్దంగా ఉంటే గిటారు తగిలించి, దాని వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి. ఇప్పుడు పికప్ నోరు కట్టేసినట్టే. అయినా గోల ఉంటే అది వైరులోనో, వైరు దూర్చే జాక్‌లోనో ఉంది. వైరును రెండు కొసల దగ్గరా మెల్లగా వంచి చూడండి. టకటకమంటే దొంగ దొరికినట్టే. మంచి వైరు ఇంకొకటి అడిగి తెచ్చి పెట్టి చూస్తే అనుమానం తీరిపోతుంది. జాక్ చుట్టూ ఉన్న మర వదులైతే బిగించండి. అయితే మర ఒక్కటే తిరగాలి. లోపల జాక్ కూడా తిరిగితే దానికి అతికిన తీగలు మెలిపడి తెగుతాయి.

తరవాత వాల్యూమ్ మరను అటూ ఇటూ తిప్పండి. తిప్పినప్పుడు మాత్రమే గరగరమంటే లోపలి కార్బన్ పట్టీ మీద దుమ్మో చిలుమో పేరుకుందన్నమాట. సముద్రపు ఒడ్డు ఊళ్ళలో ఉప్పుగాలికి ఈ తెగులు తొందరగా పడుతుంది. ఆంప్లిఫయరు ఆపి, ఆ మరను ఈ చివరినుంచి ఆ చివరికి పాతికసార్లు తిప్పితే చాలాసార్లు అదే పోతుంది. పోకపోతే ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణంలో కాంటాక్ట్ క్లీనరు దొరుకుతుంది. లోపలికి ఒక్క చిమ్ము చిమ్మి మళ్ళీ తిప్పండి. కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె మాత్రం వద్దు. ఈరోజు గరగర తగ్గినా, రేపు ఆ నూనెకు రెట్టింపు దుమ్ము అంటుకుంటుంది.

పాదం కింద పెట్టి నొక్కే ఎఫెక్ట్ పెట్టెలు వాడేవారు వాటినన్నిటినీ తీసేసి గిటారును నేరుగా ఆంప్లిఫయరుకు కలిపి వినాలి. గోల మాయమైతే ఒక్కొక్క పెట్టెనే తిరిగి చేర్చాలి. నాసిరకం అడాప్టరు వల్ల సన్నని కీచుధ్వని వస్తుంది. బ్యాటరీ వేసుకునే పెట్టె అయితే, అడాప్టరు తీసి 9 వోల్టుల బ్యాటరీ వేసి వింటే సంగతి తేలిపోతుంది.

అసలైన చిటపట

ఇక్కడ ఒక తమాషా ఉంది. గిటారు చేసే ప్రతి గోలనూ కుర్రాళ్ళు స్టాటిక్ అంటారు. నిజమైన స్థిర విద్యుత్తు వల్ల వచ్చే చిటపట వేరు. వాయించే చెయ్యి గీరుకోకుండా తంతుల కింద ప్లాస్టిక్ పలక ఒకటి ఉంటుంది. పొడిగాలిలో, అందులోనూ పాలిస్టరు చొక్కా వేసుకుని వాయిస్తే, ఆ పలక మీద రాపిడికి విద్యుదావేశం చేరుతుంది. చలికాలం రాత్రి ఉన్ని స్వెట్టరు విప్పినప్పుడు వినిపించే చిటచిటే ఇదీను. వేలు తగిలినప్పుడల్లా స్పీకరులో పేలాలు వేగినట్టుంటుంది.

ఇది హైదరాబాదు చలికాలంలోనూ, ఏసీ గదుల్లోనూ ఎక్కువ. గాలిలో తేమ ఉంటే ఆ ఆవేశం దానంతటదే జారిపోతుంది కాబట్టి వానాకాలంలో ఈ బెడద అంతగా కనిపించదు. తాత్కాలికంగా గట్టిగా పిండిన తడిగుడ్డతో పలకను తుడిస్తే చాలు. శాశ్వతంగా పోవాలంటే పలక వెనక రాగిరేకో అల్యూమినియం రేకో అంటించి, దాన్ని గిటారు లోపలి ఎర్తు తీగకు కలపాలి. లోపలి గుంటకు కూడా అదే రాగిరేకు అంటిస్తే బయటి విద్యుత్ అలజడి చాలావరకు లోపలికి రాదు. లోహపు గూడులో ఉన్నదానికి బయటి విద్యుత్తు సోకదని 1836లో చూపించింది కూడా ఫారడేగారే. సిగ్నలు తీగ రేకుకు తగలకుండా మాత్రం చూసుకోవాలి. తగిలితే గరగరతోపాటు పాట కూడా ఆగిపోతుంది.

ట్యూబులైటు చేసిన అల్లరి

రేకుకు లొంగనిది ఒకటుంది. అది ట్రాన్స్‌ఫార్మర్లు, ట్యూబులైటు చోకులు వెదజల్లే అయస్కాంత క్షేత్రం. దాన్ని గుర్తుపట్టడం సులువు. గిటారు మెడలో ఉండగానే కుర్చీలో మెల్లగా చుట్టూ తిరగండి. ఒక దిక్కున జుంకారం పెరిగి, ఇంకో దిక్కున తగ్గితే గోల బయటిదే.

మా వీధిలో ఒక కుర్రాడికి దుకాణంలో ఎవరో, గోలను అణిచే పెట్టె కొంటే తప్ప లాభం లేదన్నారట. డబ్బు కూడబెట్టుకుంటూ, కొనబోయే ముందు నన్ను పిలిచాడు. వాళ్ళ గదిలో అతను కూర్చునే చోటికి సరిగ్గా నెత్తిమీద పాతకాలపు చోకుతో ట్యూబులైటు ఉంది. పక్కనే ఫ్యాను రెగ్యులేటరు ఉంది. ట్యూబులైటు ఆర్పాం, సగం గోల పోయింది. ఫ్యానును పూర్తి వేగంలో పెట్టాం, సన్నని బర్రుమనే ధ్వని తగ్గింది. కుర్చీని ఎదుటి మూలకు జరిపాం. "ఇంతేనా బాబాయిగారూ!" అన్నాడు. దాచుకున్న డబ్బుతో తరవాత మంచి వైరు కొనుక్కున్నాడు. సెల్‌ఫోనును కూడా ఆంప్లిఫయరు మీద పెట్టకుండా దూరంగా ఉంచడం మంచిది.

ఒకే తీగచుట్ట ఉన్న పికప్‌కు ఈ బాధ ఎక్కువ. అమెరికాలో గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సేత్ లవర్ 1955లో దీనికి చక్కని ఉపాయం కట్టి పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. రెండు తీగచుట్టలను పక్కపక్కన పెట్టి, రెండోదాని చుట్టు దిశనూ, అయస్కాంతపు ధ్రువాన్నీ రెండిటినీ తిరగేశాడు. బయటి జుంకారం రెండు చుట్టల్లోనూ ఎదురెదురుగా పుట్టి రద్దయిపోతుంది. తంతి ధ్వని మాత్రం రెండుసార్లు తిరగబడినందువల్ల ఒకే వరసలో కలిసి పెరుగుతుంది. దాని పేరే హంబకర్, అంటే జుంకారాన్ని ఎదిరించేది అని. కొత్తగా గిటారు కొనేవాళ్ళు, ఇల్లు చిన్నదైతే, ఈ సంగతి గుర్తుంచుకోవచ్చు.

ఎన్నడూ చేయకూడని వైద్యం

ఇప్పుడు తల్లిదండ్రులు కూడా శ్రద్ధగా చదవవలసిన విషయానికి వస్తున్నాను. ఆంప్లిఫయరు ప్లగ్గుకు మూడు పిన్నులుంటాయి. లావుగా, పొడుగ్గా ఉండే పై పిన్ను ఎర్తు. మిగిలిన రెండిటికంటే ముందుగా అది తగలాలనీ, చివర ఊడాలనీ దాన్ని పొడుగ్గా చేస్తారు. రెండు వేరువేరు పాయింట్లలో రెండు యంత్రాలు పెట్టి కలిపినప్పుడు, ఎర్తు తీగల మధ్య చుట్టు ఏర్పడి జుంకారం వస్తుంది. అప్పుడు ఎవరో ఒక మహానుభావుడు "ఆ ఎర్తు పీకెయ్, గోల పోతుంది" అంటాడు. గోల పోతుంది కూడా. అదే ప్రమాదం.

గిటారు తంతులు ఒక తీగ ద్వారా జాక్‌కు, జాక్ నుంచి వైరు పైతొడుగు ద్వారా ఆంప్లిఫయరు లోహపుపెట్టెకు, అక్కడినుంచి ఎర్తుకు కలిసి ఉంటాయి. ఎర్తు బాగుంటే, లోపల ఏదైనా తెగి 230 వోల్టులు పెట్టెకు తగిలినా ఫ్యూజు పోతుంది, అంతే. ఎర్తు లేకపోతే ఆ కరెంటు తంతుల మీద కాచుకుని కూర్చుంటుంది. వాయించేవాడు ఇంకో చేత్తో మైకును పట్టుకున్నా, తడినేల మీద నిలబడ్డా, దారి అతని గుండె మీదుగానే. 1972లో వేల్స్‌లోని స్వాన్సీ పట్టణంలో, స్టోన్ ది క్రోస్ బృందపు గిటారు కళాకారుడు లెస్ హార్వీ సరిగా ఎర్తు లేని మైకును తాకి వేదికమీదనే మరణించాడు. 1976లో యార్డ్‌బర్డ్స్ బృందపు గాయకుడు కీత్ రెల్ఫ్ తన ఇంట్లోనే ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తూ షాకు తగిలి పోయాడు.

అందుచేత ఎర్తుల చుట్టువల్ల వచ్చే జుంకారానికి మందు వేరే ఉంది. అన్ని యంత్రాలనూ ఒకే బోర్డు మీది పాయింట్లకు పెట్టండి. పాత ఇళ్ళలో మూడో కన్నం ఉంటుంది గాని, దాని వెనక తీగే ఉండదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి పరీక్ష చేయించండి. పెరట్లో బొగ్గు, ఉప్పు వేసి కట్టిన ఎర్తు గుంట ఉంటే వేసవిలో నీళ్ళు పోయడం మరవకండి. 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. స్విచ్చు ఇంటికి పెట్టించుకుంటే మరీ మంచిది.

తంతిని తాకితే గోల తగ్గితే భయం లేదు. తంతుల ఎర్తు తీగ పనిచేస్తోందని అర్థం. జాక్ లోహాన్ని తాకితే తగ్గి, తంతిని తాకితే తగ్గకపోతే ఆ తీగ తెగింది, అతికించుకోవాలి. కాని తాకగానే వేళ్ళు జివ్వుమంటే మాత్రం వాయించడం వెంటనే ఆపాలి. గోడమీద స్విచ్చు కట్టేసి, బాగుచేసేవారికి చూపించాలి. ఆంప్లిఫయరు పెట్టెను మాత్రం ఎవరూ ఇంట్లో విప్పవద్దు. వాల్వులున్న వాటిలో ప్లగ్గు పీకిన తరవాత కూడా వందల వోల్టులు నిలిచి ఉండవచ్చు.

ఇంత శ్రమ దేనికని అడగవచ్చు. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు విద్యుత్ మాండొలిన్ మీద కర్ణాటక రాగాలు పలికించారు. ఆ గమకాలు సన్నగా సాగి సాగి ఎక్కడ ఆగాయో వినాలంటే వాటి వెనక నిశ్శబ్దం ఉండాలి. నేర్చుకునే పిల్లలకు అది మరీ అవసరం. తన వేలు సరిగా పడిందో లేదో పిల్లవాడికి చెప్పేది ఆ నిశ్శబ్దమే. దాన్ని వైరు మార్చి సంపాదించండి, దుమ్ము దులిపి సంపాదించండి, కుర్చీ జరిపి సంపాదించండి. ఎర్తు పిన్ను జోలికి మాత్రం పోకండి.