కాలేయానికి జబ్బు, మెదడులో మచ్చ

బ్రెజిల్ దేశంలో మీనాస్ జెరాయిస్ అనే రాష్ట్రం ఉంది. అక్కడి పల్లెల్లో ఆడవాళ్లు వాగుల్లో బట్టలు ఉతికేవారు. మలం కలిసిన వాగు నీళ్లలో నత్తల ద్వారా ఒక పురుగు పెరుగుతుంది. దాని పిల్లలు కంటికి కనపడవు. నీళ్లలో దిగినవాళ్ల చర్మంలోంచి లోపలికి దూరతాయి.

ఈ పురుగులు పేగుల దగ్గరి రక్తనాళాల్లో కాపురం పెడతాయి. వాటి గుడ్లు నెత్తురులో కొట్టుకొచ్చి కాలేయంలో చిక్కుకుంటాయి. ఏళ్ల తరబడి ఇలాగే జరిగితే కాలేయంలో దారులు గట్టిపడి మూసుకుపోతాయి. కడుపులో బల్ల పెరుగుతుంది. కొందరు నెత్తురు కక్కుకుంటారు.

మరి మెదడుకేం సంబంధం? కాలువకు అడ్డం పడితే నీళ్లు గండి కొట్టుకుని పక్కకు పోతాయి కదా! నెత్తురూ అంతే. కాలేయంలో శుభ్రపడకుండానే పక్కదారిన పోతుంది. మన తిండిలో మాంగనీసు అనే లోహం కొంచెం ఉంటుంది. ఎక్కువైనదాన్ని కాలేయం పైత్యరసంతో బయటికి పంపాలి. పంపకపోతే అది మెదడులో పేరుకుంటుంది.

దీన్ని ఎం.ఆర్.ఐ. బొమ్మలో చూడొచ్చు. అది పెద్ద అయస్కాంతం. కమ్మలు, గొలుసులు తీసి గొట్టంలాంటి దాన్లో పడుకోవాలి. మోత ఎక్కువ, నొప్పి ఉండదు. మాంగనీసు చేరినచోట బొమ్మలో తెల్లగా మెరుస్తుంది.

మచ్చ కనపడినంత మాత్రాన మతి పోయినట్టు కాదు. నెత్తురు పక్కదారి పట్టిందని దానర్థం. నిద్ర తారుమారైందా, మతిమరుపు వచ్చిందా, చేతులు వణుకుతున్నాయా అని డాక్టరు అడిగి చూస్తారు.

పురుగుల్ని చంపే మాత్ర ఉంది. దాని పేరు ప్రాజిక్వాంటెల్. కానీ బాగా గట్టిపడిపోయిన కాలేయాన్ని ఆ మాత్ర మెత్తబరచలేదు.