కామెర్లకు గట్టు మీది మందు నేల ఉసిరి

తొలకరి పడితే చాలు, చేలగట్ల మీద, పెరళ్లలో జానెడు ఎత్తున మొలుస్తుంది నేల ఉసిరి. ఆకు చింతాకులా ఉంటుంది. రెమ్మ తిరగేస్తే అడుగున చిన్న చిన్న కాయలు వరుసగా కనిపిస్తాయి. కాడ ఎర్రగా ఉండేది వేరే రకం.

కామెర్లు వచ్చిన ఇంట్లో ఈ మొక్కను వేళ్లతో సహా కడిగి, మెత్తగా నూరి, మజ్జిగలో కలిపి పరగడుపున తాగిస్తారు. నూనె, కారం మాన్పిస్తారు. ఈ విలేకరి కూడా చిన్నతనంలో ఆ చేదు మింగినవాడే.

మద్రాసు వైద్యులు దీన్ని పరీక్షించి 1988లో 'లాన్సెట్' పత్రికలో ప్రకటించారు. హెపటైటిస్-బి ఉన్న 37 మందికి నెల రోజులు పొడి ఇవ్వగా 22 మంది రక్తంలో ఆ వ్యాధి గుర్తు మాయమైంది. తర్వాత ఇతర చోట్ల చేసిన పరీక్షల్లో మాత్రం అలా జరగలేదు.

నిజానికి చాలా కామెర్లు కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పేరు పసరుకు వస్తుంది. అసలు ముప్పు కంట్లో పసరు పోయించుకోవడంతోను, చేతికి వాతలు పెట్టించుకోవడంతోను. పసరు వల్ల కన్ను పుండుపడి చూపు పోవచ్చు. గర్భిణికి కామెర్లు వచ్చినా, రోగి మత్తుగా పడి ఉన్నా, మాట తడబడినా మందు నూరుతూ కూర్చోక వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.