శరణాలయ శునకమును ఇంటికిఁ దెచ్చునపుడు

నిరుడు హైదరాబాదునందలి యొక జంతుశరణాలయమునకుఁ బోయినపుడు, మూల నొదిగి గుఱ్ఱుమనుచున్న యొక యెఱ్ఱకుక్కను జూచితిమి. అది కోపిష్ఠిదని యచటివారు చెప్పిరి. మా చిన్నవాఁడు దానినే కోరెను. నేను జంకితిని.

1992లో శ్రీమతి అక్కినేని అమలగారు హైదరాబాదున బ్లూక్రాసును నెలకొల్పినది మొదలు దిక్కులేని జంతువు లనేకములకు గృహములు దొరకినవి. కాని తగనిచోటఁ జేరిన జంతువు మరల బోనుపాలగుటయుఁ గలదు. అందులకే విదేశములలో, తినుచుండఁగా గిన్నెను లాగి, క్రొత్తవారిని జూపి, స్వభావమును బరీక్షింతురు. ఇట్టి పరీక్షలు నాణెము నెగురవేయుటకంటె మేలుగావని 2016లో అమెరికాయందలి పాట్రొనెక్, బ్రాడ్లీ యను పరిశోధకులు వ్రాసిరి. బోను, అరపులు, ఎఱుఁగని ముఖములు, వీనినడుమ బెదరిన ప్రాణి తన నిజగుణమును జూపునా? క్రొత్తకోడలు తొలివారమున మాటాడనంతమాత్రమున మూగది యందుమా?

కావున మేము మఱి రెండుమాఱులు పోయి, దానిని వెలుపల నడిపించి చూచితిమి. పిలువకయే అది మాయొద్దకు వచ్చెను. దినదినము మేపు మనిషిని దాని నడవడినిగూర్చి యడిగితిమి. పిచ్చికుక్కరోగమునకు టీకా వేసిరని తెలిసికొంటిమి. కేసముద్రమునకుఁ దెచ్చి, దానికొక మూలను విడిచి, అది తినునపుడు పిల్లలను దరిఁ జేరనీయమైతిమి. నెలదినములకు గుఱ్ఱు తగ్గినది. ఆ నియమమును మాత్రము నేఁటికిని విడువలేదు.

ధర్మరాజు స్వర్గద్వారమున సైతము తన్ను నమ్మిన శునకమును విడువఁడాయెను. తెచ్చుకొనుటకు ముందు పదిమాఱు లాలోచింపుఁడు, తెచ్చుకొన్నపిదప విడువకుఁడు.