ఆన్‌లైన్ గేమ్స్: వినపడకపోయినా, ఒక చెయ్యి లేకపోయినా స్క్వాడ్‌లో ఆడొచ్చా? మీ ఫోన్‌లోనే ఉన్న ఆప్షన్స్ ఇవే..

పత్తి తీతలు, మిర్చి కోతలు ముగించుకుని సాయంత్రం ఊరి సెంటర్‌లో కూర్చునే గుంటూరు, ప్రకాశం కుర్రాళ్ల చేతుల్లో ఇప్పుడు ఫోన్లే. నలుగురు కలిస్తే ఒక స్క్వాడ్.. బీజీఎంఐ మ్యాచ్ మొదలు. మరి ఆ నలుగురిలో ఒకరికి వినపడకపోతే? ఒక చెయ్యి లేకపోతే? కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ల వల్ల కీళ్లు బిగుసుకుపోయిన వాళ్లూ ఉన్నారు. వాళ్లను "నీవల్ల కాదులేరా" అని పక్కన కూర్చోబెట్టాల్సిందేనా? అక్కర్లేదు. ఎలాగో చూద్దాం.

గుంటూరు కెప్టెన్ చూపించిన దారి

గుంటూరు జిల్లాకు చెందిన ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి భారత అంధుల క్రికెట్ జట్టు కెప్టెన్‌గా 2017, 2022 టీ20 ప్రపంచకప్‌లు, 2018 వన్డే ప్రపంచకప్ గెలిచారు. 2023 సంవత్సరానికి అర్జున అవార్డు అందుకున్నారు. చూపు లేకుండా క్రికెట్ ఎలా? ప్లాస్టిక్ బంతి లోపల గలగలలాడే చిన్న గుండ్లు ఉంటాయి. బౌలర్ ముందుగా "రెడీ?" అని అడిగి, బంతి వదిలేటప్పుడు "ప్లే" అంటాడు. అస్సలు చూపు లేని బ్యాటర్ కొట్టిన పరుగుకు రెట్టింపు లెక్క. అంటే ఇక్కడ మారింది ఆటగాడు కాదు.. ఆట! వీడియో గేమ్స్‌లో యాక్సెసిబిలిటీ అన్నా సరిగ్గా ఇదే.

మల్టీప్లేయర్‌లోనే ఇబ్బంది ఎందుకు?

ఒక్కరే ఆడే గేమ్‌ను ఆపొచ్చు, లెవెల్ తగ్గించుకోవచ్చు. 2020లో వచ్చిన 'ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2'లో 60కి పైగా ఇలాంటి సెట్టింగ్స్ పెట్టారు. చూపు లేనివాళ్లు కూడా దాన్ని పూర్తి చేశారు. ఆన్‌లైన్‌లో అలా కుదరదు. అవతల మనుషులు ఉంటారు, టైమ్ ఆగదు. పైగా జట్టు మాటలన్నీ మైక్‌లోనే. వినపడని ప్లేయర్‌కి అడుగుల చప్పుడు తెలియదు, తోటివాడి హెచ్చరికా చేరదు.

మీ ఫోన్‌లో ఏం ఉన్నాయి?

వినికిడి లోపం ఉంటే: బీజీఎంఐలో మినీ మ్యాప్ మీద దగ్గర్లోని అడుగులు, కాల్పుల గుర్తులు కనిపిస్తాయి. మైక్ బదులు క్విక్ మెసేజ్‌లు, మ్యాప్ మార్కర్లు వాడొచ్చు. ఫ్రెండ్స్ కూడా అవే వాడాలి. లేదంటే ఒకరికి మాత్రమే తెలిసి లాభం లేదు.

చెయ్యి సహకరించకపోతే: కంట్రోల్స్ లేఅవుట్‌లో బటన్లను పెద్దవి చేసి, ఒక్క వేలికి అందేలా జరుపుకోవచ్చు. గైరోస్కోప్ ఆన్ చేస్తే ఫోన్‌ను వంచి గురి పెట్టొచ్చు.

రంగులు తేడా తెలియకపోతే: సెట్టింగ్స్‌లో కలర్‌బ్లైండ్ మోడ్ ఉంది.

పూర్తిగా చూపు లేకపోతే: ఇక్కడ నిజం చెప్పుకోవాలి. ఫోన్‌లోని టాక్‌బ్యాక్ చాలా గేమ్స్‌లోని బటన్లను చదవలేదు. ఎందుకంటే గేమ్ స్క్రీన్ మొత్తం బొమ్మలాగే దానికి అందుతుంది. అందుకే ఇలాంటి షూటింగ్ గేమ్స్ వీళ్లకు ఇప్పటికీ దూరమే. కానీ ఆన్‌లైన్ చెస్ సైట్ లిచెస్‌లో స్క్రీన్ రీడర్‌తో ఆడే మోడ్ ఉంది, అదీ ఫ్రీగా.

ప్రపంచంలో ఏం జరుగుతోంది?

మైక్రోసాఫ్ట్ 2018లో ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ తెచ్చింది. కాలితో, మోచేతితో నొక్కే స్విచ్‌లు దానికి తగిలించుకోవచ్చు. సోనీ 2023లో యాక్సెస్ కంట్రోలర్ తెచ్చింది. ముఖ కదలికలతో కర్సర్ నడిపే ప్రాజెక్ట్ గేమ్‌ఫేస్‌ను గూగుల్ 2024లో ఆండ్రాయిడ్ డెవలపర్లకూ ఇచ్చింది.

జాగ్రత్త.. ఇది చీటింగ్ కాదా?

గేమ్‌లోనే ఉన్న సెట్టింగ్ వాడటం చీటింగ్ కాదు. బయటి యాప్‌లు, ఆటోమేటిక్ ట్యాప్ టూల్స్ పెట్టుకుంటే మాత్రం అకౌంట్ బ్యాన్ అయ్యే ప్రమాదం ఉంది. అవసరం కోసం వాడినా సిస్టమ్‌కి తేడా తెలియదు. అందుకే సౌకర్యం గేమ్ లోపలే ఇవ్వాలన్నది దివ్యాంగ ప్లేయర్ల డిమాండ్.

చట్టం ఏం చెబుతోంది?

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. డిజిటల్ సేవలు అందరికీ అందాలని చెప్పింది. డిజిటల్ యాక్సెస్ జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బులు పెట్టి ఆడే గేమ్స్‌ను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌కు గుర్తింపు ఇచ్చింది. ఆటగా గుర్తించాక, అందులో దివ్యాంగులకు చోటు ఎక్కడ అన్న ప్రశ్న రావడం సహజమే.

గేమ్ కంపెనీలు మారే వరకూ ఆగక్కర్లేదు. ఈసారి మ్యాచ్ పెట్టే ముందు ఐదు నిమిషాలు కేటాయించి మీ దోస్త్ ఫోన్‌లో బటన్లు సర్దండి, మైక్ బదులు మార్కర్ నొక్కండి. నాలుగో ప్లేయర్ మీ పక్కనే ఉండొచ్చు!